దుబాయి నుంచి వచ్చిన ఫ్లాట్ తీగలు

తీగలు వచ్చాయన్న కబురు నాకు మొదట తెచ్చింది నర్సవ్వ. అది 1991, శివరాత్రి వెళ్ళిన వారం. ఆర్మూర్ పసుపు మార్కెట్ వెనుక గల్లీలో మా బాపు నడిపిన వాద్యాల మరమ్మతు దుకాణం నా చేతికి వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. బాపుకు చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి పని నాది, బోర్డు మీద పేరు ఆయనది.

"సరోజక్కా, దుబాయ్ డబ్బ వచ్చింది. మా తమ్ముడు దానికి హారతి వట్టుడొక్కటే తక్వ. నువ్వు జల్ది వేసియ్యకుంటే నన్ను పొయ్యి కాడ నిలవడనిచ్చేటట్టు లేడు," అన్నది గడపలోనే నిలబడి.

ఆమె తమ్ముడు భూమేశ్. కమ్మర్‌పల్లి వైపు వాళ్ళ పొలం. పసుపు కాలంలో పొలం పని, పెళ్ళిళ్ళ కాలంలో ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్. నర్సవ్వ భర్త గంగారాం దుబాయిలో సెంట్రింగ్ పని చేసేవాడు. ఆ డబ్బా పంపింది ఆయనే. అందులో ఉన్నవి నాలుగు తీగలు. వాటిని ఎంచింది నేను. వాటి సంగతే ఇక్కడ రాస్తున్నాను.

నా చదువు గురించి ఒక మాట చెప్పాలి. చిన్నతనంలో కాలికి జబ్బు చేసి బడికి పోలేదు. అక్షరాలు అమ్మ నేర్పింది, తీగలు బాపు నేర్పాడు. దేవుని దయవల్ల ఆ రెండింటితోనే ముప్పై ఏళ్ళు తిండి తిన్నాను. మా దుకాణానికి ఎక్కువగా హార్మోనియాలు, మాండొలిన్లు, బుల్‌బుల్ తరంగ్‌లు వచ్చేవి. గిటార్లు తరువాత వచ్చాయి. బేస్ గిటార్ ఆర్మూర్ మొత్తంలో రెండే ఉండేవి, వాటిలో ఒకటి భూమేశ్‌ది.

బేస్ గిటార్‌కు నాలుగు లావు తీగలు. మామూలుగా వేసేవి రౌండ్ తీగలు. లోపల ఒక గట్టి ఉక్కు తీగ, దాని మీద గుండ్రటి సన్న తీగను స్ప్రింగులా చుట్టి ఉంటారు. వేలు పెట్టి జరిపితే గరగరలాడుతుంది. మోత మాత్రం గణగణలాడుతుంది. మా ఊళ్ళో వీటికి ఒక ఇబ్బంది ఉంది. పసుపు పాలిష్ పట్టే డ్రమ్ములు తిరిగే నెలల్లో ఆ ధూళి చుట్ల సందుల్లోకి పోయి కూర్చునేది. చెమటతో కలిసి ముద్దయ్యేది. రెండు వారాల్లో తీగ మూగదయ్యేది. అప్పుడు వాటిని విప్పి గిన్నెలో నీళ్ళు పోసి మరగబెట్టి, తుడిచి, మళ్ళీ వేసేదాన్ని. "ఊరంత పసుపు ఉడకవెడుతుంటే మా సరోజక్క తీగెలు ఉడకవెడుతది," అని భూమేశ్ నవ్వేవాడు.

ఫ్లాట్ తీగ వేరు. దాని మీద చుట్టేది గుండ్రటి తీగ కాదు, పలుచటి ఉక్కు పట్టీ. చుట్లు ఒకదానికొకటి అతుక్కొని అద్దంలా నున్నగా ఉంటుంది. ధూళి పోవడానికి సందు ఉండదు, వేలు జరిపితే చప్పుడు రాదు. మోత తక్కువ, కాని లోతు ఎక్కువ. ఒకసారి వేస్తే ఏళ్ళ తరబడి నిలుస్తుందని అంటారు. అంటారు అని ఎందుకు రాస్తున్నానంటే, అప్పటికి అలాంటి తీగను నేను ఒక పాత గిటార్ మీద చూశానే గాని నా చేత్తో వేసింది లేదు. ఆ మాట భూమేశ్‌కు చెప్పలేదు.

ఆ తీగలు అవసరమైన కారణం ఇది. ముందటి దసరా తరువాత డిచ్‌పల్లిలో ఒక పెళ్ళిలో భూమేశ్ వాయించగా, హైదరాబాదులో క్యాసెట్ల పాటలకు వాద్యాలు కూర్చే ఒక పెద్దాయన విన్నాడట. వాళ్ళ స్టూడియోకు కుదురుగా ఉండే బేస్ వాయించే మనిషి కావాలి. శివరాత్రి పోయిన రెండో గురువారం వచ్చి ఒక పాటకు వాయించి చూపించమన్నాడు. "చెయ్యి మంచిగుంది. కాని నీ తీగల కీచు మైకులోకొస్తది. ఫ్లాట్లు వేసుకొని రా," అని చెప్పి పంపాడట. భూమేశ్ ఆ మాట పట్టుకొని మా దుకాణానికి వచ్చాడు. ఏడాదంతా స్టూడియో పని అంటే పాలిష్ డ్రమ్ము తిప్పనక్కర లేదు. పసుపు ఉడికే పొయ్యిల దగ్గర పగిలిన వేళ్ళు ఇక పగలవు.

"అక్కా, గిది అయితే నేను మనిషినైత. కాకపోతే పసుపు బుడ్డలు ఉడకవెట్టుకుంట ముసలోణ్ణయిత," అన్నాడు.

నిజామాబాదులో ఆ తీగలు లేవు. హైదరాబాదులో అడిగిస్తే తెప్పించాలంటే నెలలు పడుతుందన్నారు. దుబాయిలో దొరుకుతాయని గంగారాంకు ఉత్తరం రాయాలన్న ఆలోచన నాదే. ఉత్తరమూ నేనే రాశాను. తీగను ఎంచడంలో ముందు చూడవలసింది పొడవు. గిటార్ కింద తీగలు ఆనే బ్రిడ్జి నుంచి మెడ చివరి గాట్ల దాకా టేపు పెట్టి కొలిచాను. ఫ్లాట్ తీగకు కొస దగ్గర పట్టుదారం చుట్టి ఉంటుంది, ఆ దారం గాటు దాటిన తరువాతే మొదలు కావాలి. లోపలికి వస్తే మోత చస్తుంది. తరువాత లావు. ఫ్లాట్లకు రౌండ్ల కంటే బిగువు ఎక్కువ. భూమేశ్ గిటార్ పాతది, బిగువుకు మెడ వంగితే సరిచేసే ఇనుప కడ్డీ లోపల ఉన్నా దాని మర తుప్పుపట్టి తిరగదు. అందుకని లావువి వద్దు, మధ్యరకం కావాలని రాశాను. మాటలతో చెబితే పొరపాటు జరుగుతుందని పాత తీగ ముక్క వేలెడు కోసి, కాగితంలో చుట్టి ఉత్తరంలో పెట్టాను.

గంగారాం అన్న నేను చెప్పిందంతా అక్షరం తప్పకుండా చేశాడు. నర్సవ్వ తెచ్చిన డబ్బా విప్పగానే తెలిసింది. పొడవు సరి, లావు సరి, పట్టుదారం ఉండవలసిన చోట ఉంది. బాపు మంచం మీద నుంచే తీగను వేళ్ళ మధ్య నిమిరి, "పట్టు లెక్క ఉన్నదే బిడ్డా," అన్నాడు.

మా దుకాణానికి ఒక ఆచారం ఉంది. కొత్త సామాను ఏది వచ్చినా, సామాను బయటికి తీసి, అది వచ్చిన కవరును దేవుని అరలో వేంకటేశ్వర స్వామి పటం ముందు పెట్టి, పసుపు బొట్టు పెట్టి, దీపం వెలిగించి పని మొదలుపెడతాం. బాపు నేర్పిన పద్ధతి. ఆ రోజూ అలాగే చేశాను. నాలుగు తీగలు బయటికి తీసి, కవర్లన్నీ, వాటిలో మడిచి ఉన్న కాగితంతో సహా, స్వామి పాదాల దగ్గర పెట్టాను. ఆ కాగితం విప్పలేదు.

తరువాత నా చేతికి అలవాటైన పనే చేశాను. మాండొలిన్‌కైనా మరి దేనికైనా మేము వేసేది ఒంటి ఉక్కు తీగ. తీగను లాగి, చుట్టే కీ దాటి నాలుగు వేళ్ళు వదిలి, కటకటమని కోసి, కొస కీలో దూర్చి తిప్పుతాం. ముందు కోత, తరువాత వంపు. వేలసార్లు చేసిన పని. నాలుగు ఫ్లాట్ తీగలనూ వరసగా పరిచి, కొలిచి, ఒకేసారి కోసేశాను. లావు తీగ కోసినప్పుడు కొసన పట్టీ కొంచెం జారినట్టు కనిపించింది. వేలితో నొక్కి సరిచేశాను.

సన్న తీగలు రెండూ బాగానే పలికాయి. లావువి రెండూ పలకలేదు. ఎంత బిగించినా తడిసిన గోనెసంచి మీద కట్టెతో కొట్టినట్టు ఒక్క ధప్పు, అంతే.

భూమేశ్ చెవి గిటార్ మీద ఆనించి విన్నాడు. "అక్కా, గిదేంది? పానం లేదు దీంట్ల."

"కొత్తది కదా, సాగాలె," అన్నాను.

రెండు రోజులు సాగదీశాం. పలకలేదు. గురువారం నాడు సన్నవి రెండు ఫ్లాట్లు, లావువి రెండు పాత రౌండ్లు వేసుకొని పోయాడు. ఆ కలగలుపు ఎట్లా ఉంటుందో వాయించేవాళ్ళకు తెలుసు. సన్నవి రెండు గుసగుసలాడుతుంటే లావువి రెండు అరుస్తాయి. పెద్దాయన సగం పాటకే ఆపి, మళ్ళీ ఎప్పుడైనా చూద్దామన్నాడట. ఆ నెలలోనే వేరే మనిషిని పెట్టుకున్నారు.

తిరిగి వచ్చి భూమేశ్ నా మీద ఒక్క మాట అనలేదు. అన్నది అంతా బావ మీదే. "సస్తగ వస్తయని నకిలీ మాల్ కొన్నడు. దుబాయ్‌ల ఉన్నోళ్ళకు మనమంటే గింతే," అన్నాడు మా దుకాణంలోనే. నర్సవ్వ తల వంచుకొని విన్నది. నేనూ విన్నాను. అప్పటికి నాకు నిజంగానే తీగల్లోనే లోపమని అనుమానం.

ఉగాదికి ముందు దేవుని అర కడుగుతుంటే ఆ కాగితం చేతికి వచ్చింది. నూనె మరకల మధ్య విప్పాను. ఇంగ్లీషు కూడబలుక్కొని చదవగలను గాని, చదవవలసిన అవసరం కూడా లేకపోయింది. బొమ్మలు వేసి ఉన్నాయి. మొదటి బొమ్మలో పట్టుకారుతో తీగను మూలమట్టంగా వంచుతున్నారు. రెండో బొమ్మలో ఆ వంపు దాటాక కోస్తున్నారు. వంచకుండా కోసిన తీగ బొమ్మ కింద ఇంటూ గుర్తు. వంపు ఉంటే పట్టీ అక్కడ బిగుసుకొని నిలుస్తుంది. వంపు లేకుండా కోస్తే లోపలి తీగ మీది నుంచి పట్టీ వదులై జారుతుంది, తీగ చస్తుంది. లావు తీగ ముందు చస్తుంది.

కాగితాన్ని మళ్ళీ మడిచాను. బాపు అప్పుడు ఆఖరి జబ్బులో ఉన్నాడు. బోర్డు మీద ఆయన పేరు. ఈ మాట ఆర్కెస్ట్రా వాళ్ళకు తెలిస్తే ఒక్క గిటార్ కూడా మా గడప ఎక్కదు, అన్నీ నిజామాబాదు పోతాయి. ఇవన్నీ కారణాలుగా చెప్పుకున్నాను. రోజూ దీపం పెట్టేటప్పుడు స్వామితో తప్పు చెప్పుకున్నాను. చెప్పుకున్నాను కదా అని మనసు తేలికపడేది కూడా.

మరుసటి ఎండాకాలం గంగారాం సెలవు మీద వచ్చాడు. నేరుగా మా దుకాణానికి వచ్చి, చొక్కా జేబులో నుంచి ఒక కాగితం పొట్లం తీశాడు. నేను పంపిన పాత తీగ ముక్క.

"చెల్లె, జుమ్మా సెలవు నాడు మూడు దుకాణాలు తిరిగిన. డబ్బ ఇప్పిచ్చి, గీ ముక్క పక్కన వెట్టి సూసుకున్నంకనే తీసుకున్న. నువ్వు ఏ బ్యాండుల వాయిస్తవని అడిగిండు దుకాణమాయన. సెంట్రింగ్ కొడుతనంటే ఒకటే నవ్వుడు," అని తానూ నవ్వాడు. తరువాత గొంతు తగ్గించి, "భూమేశ్ మొకం సూస్తలేడు. నేను మోసపోయిన్నా? నువ్వు పని తెలిసినదానివి, నీకు ఎరకుంటది. నువ్వు జెప్పు," అన్నాడు.

ఆ చచ్చిన తీగలు అప్పుడు నా బల్ల సొరుగులోనే ఉన్నాయి. కాగితం దేవుని అరలో ఉంది. లేచి నాలుగు అడుగులు వేస్తే చాలు.

"అక్కడ నకిలీలు కూడ అసలు లెక్కనే ఉంటయట అన్నా. నీకెట్ల తెలుస్తది," అన్నాను.

ఆయన కొంచెంసేపు ఆ ముక్కను వేళ్ళ మధ్య తిప్పాడు. "అయితే నాదే తప్పు," అన్నాడు. చాయ్ తాగకుండా లేచిపోయాడు. మళ్ళీ ఎవరికీ ఆ దేశం నుంచి సామాను తేలేదని నర్సవ్వ తరువాత చెప్పింది. చెయ్యి ఆడేది కాదట, మళ్ళీ ఏది తప్పు తెస్తానో అని.

1997లో గంగారాం పని మానుకొని ఇంటికి వచ్చాడు. ఆ వానాకాలమే జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. పదకొండో రోజు అయిన తరువాత నేను కాగితం తీసుకొని కమ్మర్‌పల్లి బస్సెక్కాను. అక్కను, తమ్ముణ్ణి కూర్చోబెట్టి బొమ్మలు చూపించి అంతా చెప్పాను.

నర్సవ్వ తిట్టలేదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "గీ ముచ్చట ఆయన ఉన్నప్పుడు చెప్తే ఏమైతుండె సరోజక్కా? నిన్నేమన్న కొడుతుండెనా? నవ్వుతుండె," అన్నది. నిజమే. నవ్వేవాడు.

భూమేశ్ మాత్రం, "పాట పోయిందంటే పోయింది అక్కా, గది నా నసీబు. కాని బావతోని ఆరేండ్లు సక్కగ మాట్లాడలే నేను. పండుగకు వస్తే పొలం కాడికి పోయి కూసున్న. గది ఎవ్వలిస్తరు నాకు?" అన్నాడు.

అయినా ఆ ఇంటివాళ్ళు నాకు అన్నం పెట్టి పంపారు. ఆ మేలు మరువను.

దుకాణం మూసి కొన్నేళ్ళయింది. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగేది కొంచెమే. ఫ్లాట్ తీగను కీ దగ్గర ముందు వంచండి, తరువాత కోయండి. చేతికి ఎంత అలవాటున్నా కొత్త సామానుతో వచ్చిన కాగితం ముందు చదవండి, పూజ తరువాత చేసుకోవచ్చు. మునుపు చేయని పనిని చేయలేదని చెప్పి మొదలుపెట్టండి. తప్పు జరిగితే అది ఎవరి మీద పడిందో ఆ మనిషికి చెప్పండి. దేవునికి చెప్పుకుంటే మన భారం దిగుతుంది, ఆ మనిషిది దిగదు.

చదివినవాళ్ళను ఒకటి అడుగుతాను. గంగారాం పేరు గుర్తుంచుకోండి. వాయిద్యం ముట్టని మనిషి, వేలెడు తీగ ముక్క పట్టుకొని ఎండలో మూడు దుకాణాలు తిరిగాడు. ఆయన తెచ్చినవి సరైన తీగలే.