కొండకు కన్నం పెట్టిన రోజు

ఈ పొద్దు చిన్నమనూరు బస్టాండులో పడమటి గాలి ఫెడీమని మొహాన కొట్టింది. తడి వాసన ఉంది, చినుకు మాత్రం లేదు. ఫోన్‌లో వాన వెతికే నా ఈడు పెద్దమనుషులారా, గుర్తుందా ఆ గాలి? ఆషాఢమప్పటి ఆడి నెలలో జొన్న చేలు వాడిపోతుంటే మనల్ని ఎంత వెక్కిరించేదో!

మేఘాలు మా ఊరి పడమటి కొండకు అవతలే కురిసేస్తాయనీ, మనకు మిగిలేది ఉత్త గాలేననీ నాలుగో తరగతిలో వాద్యారు చెప్పాడు. బడిలో నా బుర్రకెక్కిన పాఠం అదొక్కటే. మర్నాడే బడి ఎగ్గొట్టి, మామ కూతురు పొన్నితో కలిసి గడ్డపార మోసుకెళ్లి కొండకు కన్నం పెట్టడం మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి గానీ కన్నం దోసెడైనా కాలేదు.

అంతలో మా అవ్వ వచ్చింది. కొండ కింద ఎండిపోతున్న చేను ఆమెదే. ఇక వీపులు పగులుతాయనుకున్నాం.

"ఏమ్రా కోతినాయాలా, ఏం చేస్తుండారు?"

"మేగాలకు దోవ చేస్తుండాం అవ్వా."

అవ్వ చేను వైపు ఒకసారి చూసింది.

"పొద్దున్నించీ ఇంతేనా కొట్టింది? తిన్న కూడంతా ఏమాయెరా? సరి, ఇట్లా తే!"

కొంగు నడుముకు బిగించి గడ్డపార లాక్కుంది. ఆమె మొదటి దెబ్బకే రాతిలోంచి నిప్పురవ్వలు లేచాయి.