మా అమ్మాయికి రాని లెక్క

మా అమ్మాయి ఐదో తరగతిలో ఉండగా పేరెంట్స్ మీటింగుకి కొత్త చీర కట్టుకుని మరీ వెళ్లాను. వెళ్లనూ? ప్రతిసారీ పొగడ్తలే కదా. కంకిపాడులో మా ఇంటికి దగ్గరున్న బడి అది. ఎలిమెంటరీ, హైస్కూలు ఒకే ఆవరణలో ఉంటాయి. నన్ను చూడగానే క్లాసు టీచరుగారు, "మీ అమ్మాయి ఉంటే నాకు ఇంకో టీచరు ఉన్నట్టేనండి" అన్నారు. లెక్కలన్నీ అందరికన్నా ముందు చేసేస్తుందట. ఆ తరవాత మిగతా పిల్లల నోట్సులు దిద్దుతుందట, రానివాళ్లకి ఎక్కాలు చెబుతుందట. నేను పొంగిపోయాను. అట్నుంచటే విజయవాడలో నేను పనిచేసే చీరల కొట్టుకి వెళుతూ, బస్సులో పక్కన కూర్చున్నావిడకి కూడా చెప్పాను, ఆవిడ అడక్కపోయినా.

సాయంత్రం ఇంటికొచ్చాక, ఈ ఏడాది కొత్తగా ఏం లెక్కలు నేర్చుకున్నావే అని మాటవరసకి అడిగాను. అది కాసేపు ఆలోచించింది.

"ఏమీ లేదమ్మా. అన్నీ నాకు ముందే వచ్చు."

ఆ గొంతులో గర్వమూ లేదు, విసుగూ లేదు. ఏడాదంతా బడికెళ్లి ఒక్క కొత్త ముక్క నేర్చుకోకుండా తిరిగొస్తోందన్నమాట నా కూతురు. ఇలాగే ఇంకో రెండేళ్లు గడిస్తే, బుర్ర పెట్టి కష్టపడటమంటే ఏమిటో దీనికి తెలియకుండానే పోతుందని భయమేసింది. మా ఆయన మాత్రం, ఫస్టు వస్తోందిగా, ఇంకేం కావాలి నీకు అని నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు కొట్లో పర్మిషన్ పెట్టి బడికి వెళ్లాను. నా కూతుర్ని చదువుకోడానికి పంపిస్తున్నాను గానీ దిద్దడానికి కాదని కాస్త గట్టిగానే అన్నాను. టీచరుగారు నొచ్చుకున్నారు. అయినా ఏమీ దాచుకోలేదు. క్లాసంతా తనొక్కరే చూసుకోవాలని, వెనకబడినవాళ్లని లాక్కురావడంతోనే సరిపోతోందని, అన్నీ వచ్చేసిన పిల్లని ఏం చెయ్యాలో తనకీ తోచడం లేదని చెప్పారు. ఆ మాటతో నా కోపం సగం దిగిపోయింది. ఇద్దరం కలిసి హైస్కూలు లెక్కల మాస్టారి దగ్గరికి వెళ్లాం. రోజూ లెక్కల పీరియడ్‌లో పిల్లని తన దగ్గరికి పంపమన్నారాయన.

మొదటిరోజే అది ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఆయన ఒకే ఒక్క లెక్క ఇచ్చారట, రాలేదట. బుద్ధెరిగాక లెక్క రాకపోవడం దానికి అదే మొదటిసారి. అన్నం ముట్టలేదు. కాగితం నిండా రాయడం, కొట్టేయడం, మళ్లీ రాయడం. మర్నాడూ అదే వరస. మా ఆయన చూసిన చూపుకి నేను తలెత్తలేకపోయాను. హాయిగా ఉన్న పిల్లని తీసుకెళ్లి ఏట్లో తోశానేమో అనిపించింది. ఉండబట్టలేక, రేపు మాస్టారితో మాట్లాడి మాన్పించేస్తానన్నాను. పోనీ, ఆ లెక్క ఎలా చెయ్యాలో ఆయన్నే అడిగొస్తానన్నాను.

అది చటుక్కున కాగితానికి చెయ్యి అడ్డం పెట్టింది. కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

"అడగొద్దమ్మా. చెప్పేస్తే ఇది కూడా అయిపోతుంది."

నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. అన్నం కలుపుకొచ్చి పక్కన కూర్చుని ముద్దలు పెట్టాను. పెట్టినప్పుడల్లా నోరు తెరిచింది గానీ, కాగితం మీంచి చూపు మాత్రం తిప్పలేదు.