సొంతమని హామీ

కథల పోటీకి కథ పంపేవాళ్లు చివర ఒక హామీ పత్రం జతచేయాలి. ఈ కథ నా సొంతం, అనువాదం కాదు, అనుకరణ కాదు, ఇంతకుముందు ఎక్కడా అచ్చు కాలేదు, వేరే ఏ పత్రిక పరిశీలనలోనూ లేదు అని రాసి కింద సంతకం పెట్టాలి. ముప్పై ఏళ్లుగా నేను ఇది రాస్తూనే ఉన్నాను. కథతో ఎన్ని వారాలు కుస్తీ పట్టినా, ఈ నాలుగు ముక్కల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తనంతట తానే రాసుకుపోతుంది. ఒక్కసారైనా ఆగి చదివినట్టు గుర్తులేదు. దాన్ని చదివి, అర్థం చేసుకుని, సంతకం పెట్టడానికి వెనకాడిన మనిషిని పోయినేడాది ఎమ్మిగనూరులో చూశాను. ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్లు నిండడానికి అప్పటికి నెల తక్కువ.

నేను ఆదోనిలో తెలుగు టీచర్ని. ప్రతి నెలా రెండో ఆదివారం బస్సెక్కి ఎమ్మిగనూరు పోయి, అక్కడి గ్రంథాలయంలో, రాయాలని ఉబలాటపడే పిల్లలతో ఓ రెండు గంటలు కూర్చుంటాను. నన్ను ఎవరూ పిలవలేదు, నేనే మొదలుపెట్టాను. మొదట్లో ఇరవై మంది దాకా వచ్చేవాళ్లు. నా పేరు విని వస్తున్నారని లోలోపల మురిసిపోయాను. గ్రంథాలయం మొత్తానికి మేము కూర్చునే గదిలోనే ఫ్యాను తిరుగుతుందని తర్వాత తెలిసింది. పక్క గదిలో ఫ్యాను బాగుచేయించాక ఏడుగురు మిగిలారు. ఆ ఏడుగురూ నిజంగా రాసేవాళ్లే.

వాళ్లకు నేను చెప్పేవి చాలావరకు పనికొచ్చే మాటలే. మా కాలంలో కాగితానికి ఒకవైపే రాసి, తిప్పి పంపడానికి స్టాంపులు అంటించిన కవరు కూడా జతచేసి పంపేవాళ్లం. మన కథకు మనమే తిరుగు టికెట్టు కొనిచ్చేవాళ్లం అన్నమాట. ఇప్పుడు పోటీల ప్రకటనలన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి, కథ ఫోన్లోనే టైపు చేసి పంపేయొచ్చు. అందుకని నా సలహాలూ మారాయి. నిబంధనలు రెండుసార్లు చదవండి. వెయ్యి మాటలు అంటే వెయ్యి మాటలే, పన్నెండొందలు రాసి మీ బాధ చెప్పుకోకండి. గడువు చివరి రోజు దాకా ఆగొద్దు, ఆ రోజే కరెంటు పోతుంది. పంపాక సంపాదకుడికి ఫోన్లు చేసి విసిగించొద్దు. బహుమతి రాకపోతే ఆ పూటకు ఏడవండి, మర్నాడు ఆ కథను ఇంకోసారి చదివి ఇంకోచోటికి పంపండి. పత్రికలే కాదు, రేడియో ఉంది, వెబ్ పత్రికలున్నాయి, కాలేజీ సంచికలున్నాయి, దేన్నీ చిన్నచూపు చూడకండి.

వీటన్నిటికంటే గట్టిగా చెప్పే సలహా ఇంకొకటి ఉండేది. భాష శుభ్రంగా ఉండాలి, మాట గుర్తుండిపోవాలి. మన యాడ, ఈడలు మన బస్టాండు దాటితే చెల్లవు, సంపాదకుడి దగ్గర అస్సలు చెల్లవు అనేదాన్ని. సాక్ష్యంగా నా మొదటి కథ చూపించేదాన్ని.

ఆ కథ మా నాన్న గురించి. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే తలంతా దూదే. ఆ కథ చివరి వాక్యం ఇది: ‘నాన్న తలలో నెరిసింది వెంట్రుకలు కాదు, మా బాల్యం.’ ఈ ఒక్క వాక్యంతోనే నాకు పేరొచ్చింది. మిగతా కథ గుర్తులేని వాళ్లు కూడా పెళ్లిళ్లలో కనిపిస్తే ఈ వాక్యం అప్పజెప్పి, మీరే కదా రాసింది అంటారు. అవునంటాను. కొత్తగా వచ్చిన పిల్లలకు మొదటి రోజు ఈ వాక్యం రాయించి, కథ ముగింపు ఇలా గుండెకు తగలాలి అని చెప్పేదాన్ని.

ఇక ఆ అమ్మాయి సంగతి. వాళ్లది నేతపని ఇల్లు. డిగ్రీ చివరి ఏడాది చదువుతూ, మధ్యాహ్నాలు వాళ్లమ్మకు సాయంగా వేరేవాళ్ల మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. గదిలో చివరి బెంచీలో కూర్చుని ఏమీ అడిగేది కాదు. ఒక ఆదివారం అందరూ వెళ్లాక నోటుబుక్కు నా ముందు పెట్టి, "సదివి సెప్పండి మేడం" అని వెళ్లిపోయింది.

ఆ కథలో వాళ్ల అవ్వ ఉంది. అవ్వ నలభై ఏళ్లు ఇంట్లోని గుంత మగ్గం మీద నేసింది. గుంత గట్టు మీద కూర్చుని, కాళ్లు కిందికి దించి, అడుగున ఉండే తొక్కుడు కర్రల మీద పెట్టి నేస్తారు. పనులు తగ్గి, మగ్గం విప్పేశాక, ఇంట్లో టైల్స్ వేయించాలని కొడుకు ట్రాక్టరు మట్టి తెప్పించి గుంత పూడ్పిస్తాడు. కథంతా ఆ ఒక్క పొద్దున జరుగుతుంది. మట్టి పడుతుంటే అవ్వ ఏడవదు, తిట్టదు. ఒకే ఒక మాట అడుగుతుంది: "గుంత పూడిస్తే నేను కాళ్లు యాడ పెట్టుకునేది?"

బస్సులో చదివాను. పిల్ల దగ్గర సరుకుందని ఆదోని చేరేలోపే తెలిసిపోయింది. అదే వారం ఒక ప్రకటన వచ్చింది. యువ కథకులకు మూడు రోజుల శిబిరం, పెద్ద రచయితలు దగ్గర కూర్చోబెట్టుకుని కథ రాయడం నేర్పుతారట. హామీ పత్రంతో ఒక కథ పంపితే దాన్ని చూసి పదిహేను మందిని ఎంపిక చేస్తారు. ఇరవై రెండేళ్లు దాటి ఉండకూడదు. ఆ అమ్మాయికి ఇదే మొదటి అవకాశం, ఇదే ఆఖరిది. ఫోన్ చేసి చెప్పాను. "మా నాయన్ని అడిగి సెప్తా మేడం" అంది. నాలుగు రోజులు పట్టింది ఆయన్ని ఒప్పించడానికి. ఇంటి నుంచి ఒక్కతే మూడు రోజులు వేరే ఊళ్లో ఉండడం వాళ్లింట్లో అంతకుముందు లేని సంగతి. ఎంపికైతే పోవచ్చు అన్నాడట.

అప్పుడు నేను ఎర్ర పెన్ను తీశాను. వచ్చినాడును వచ్చాడు చేశాను, పోతాండానును పోతున్నాను చేశాను. అంతవరకు ఏ టీచరైనా చేసేదే. చివరి మాట దగ్గర ఆగాను. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలి అనేది ముగింపా? చదివేవాడికి ఏం తగులుతుంది? కొట్టేసి, ఇలా రాశాను: ‘మీరు పూడ్చేది గుంతను కాదురా, నా బతుకును.’ రాసి నాకు నేనే భేష్ అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ వాక్యం నా కథలో ఉంటే బాగుండేదని కాస్త అసూయ కూడా పడ్డాను.

దిద్దిన కథ ఆమెకు పంపాను. థాంక్స్ మేడం అని జవాబొచ్చింది. గడువు సోమవారం. దాని ముందు రోజు రెండో ఆదివారం, ఆమె గ్రంథాలయానికి రాలేదు. కథ పంపిందో లేదో తెలియదు. నాకు ఒళ్లు మండింది. ఇన్ని చెప్పి, చివరి రోజు దాకా నానబెట్టడం. మా రెండు గంటల క్లాసు అయ్యాక అడ్రసు కనుక్కుని వాళ్లింటికి పోయాను.

ముందు గదిలో తెల్ల టైల్స్ తళతళా మెరుస్తున్నాయి. సరిగ్గా మధ్యలో, నడిచే దారిలో, అవ్వ కాళ్లు బారజాపుకుని కూర్చుని ఉంది. వచ్చేపోయేవాళ్లు ఆమె కాళ్లు దాటుకునే తిరుగుతున్నారు. గుంత ఉండేది అక్కడేనని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అమ్మాయి పక్కన ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది.

"పంపినావా?" అన్నాను.

"అవ్వకు సదివి వినిపిస్తాండా మేడం. అయిపోయింది, ఇంగ సంతకమే." హామీ పత్రం చేత్తో రాసి పెట్టుకుంది. కింద సంతకం చోటు ఖాళీగా ఉంది.

అవ్వ నా వైపు తిరిగి నవ్వింది. "బాగుందమ్మా కత. ఆ ముసిలామె బలే మాట్లాడింది, సినిమాలో మాదిరి. యెవురామె?"

అమ్మాయి తల దించుకుంది. పాఠంలో అర్థం కాని మాట అడిగినట్టే అడిగింది. "సొంతమని సంతకం పెట్టల్లంట మేడం. ఆ ఒక్క మాట నాది గాదు, అవ్వది గూడా గాదు. పెట్టొచ్చునా?"

"అందరూ పెడతారు," అన్నాను. "దిద్దడం వేరు, రాయడం వేరు."

"దిద్దినేటివి సరే మేడం. మీరు నేర్పిస్తాండారు. ఇది కొత్తగా పెట్టింది గదా."

నాకు కోపం వచ్చింది. ఆ కోపంలో న్యాయం ఉందని ఇప్పటికీ అనుకుంటాను, కొంచెం. ముప్పై ఏళ్లు పత్రికల గుమ్మాల ముందు నిలబడి నేర్చుకున్నది ఊరికే పెడుతుంటే, ఈ పిల్ల వద్దంటోంది. "చూడమ్మా, ఇది నీకు ఆఖరి అవకాశం. కాళ్లు యాడ పెట్టుకునేది అంటే అక్కడ కూర్చున్నవాళ్లకు ఏం అర్థమవుతుంది? వాళ్లు గుంత మగ్గం చూసి ఉంటారా?"

"చూసి ఉండరు మేడం," అని ఒప్పుకుంది. అయినా నా ఎదురుగానే ఫోన్లో ఆ వాక్యం చెరిపి తన మాట టైపు చేసింది. వచ్చాడు, పోతున్నాను అని నేను దిద్దినవి అలాగే ఉంచింది. తర్వాత సంతకం పెట్టి, ఫొటో తీసి, కథతో పాటు పంపేసింది. నీ ఇష్టం అని లేచాను. టీ తాగి పొమ్మన్నా ఆగలేదు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కోపంగా కూర్చుందామనుకున్నాను కానీ కుదరలేదు. యెవురామె అని అవ్వ అడిగిన మాటే చెవిలో మోగుతోంది. అలాంటి మాట ఇంతకుముందు ఒకసారి విన్నాను.

నా మొదటి కథ అచ్చయిన రోజు మా అమ్మకు చదివి వినిపించాను. అమ్మకు చదువు రాదు. చేతిలో పిండి ముద్ద పట్టుకుని చివరిదాకా కదలకుండా విని, "నేనన్న మాట లేదే?" అంది. నిజమే, లేదు. ఆ కథను నేను అమ్మ మాటతోనే ముగించాను. సంపాదకుడు దాన్ని తీసేసి, నెరిసిన బాల్యం వాక్యం తన చేత్తో రాసి వేశాడు. పత్రిక వచ్చేదాకా నాకూ తెలియదు. "పేపర్లో అట్లాంటివి వేయరమ్మా" అని చెప్పాను. "సరేలే" అని రొట్టె తట్టుకుంది. పుస్తకం వేసినప్పుడు అమ్మ మాట తిరిగి పెట్టుకోవచ్చు, నన్ను ఆపేవాళ్లు లేరు. పెట్టుకోలేదు. అప్పటికే ఆ వాక్యానికి పేరొచ్చేసింది, ఆ పేరు వదులుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. ఆ సరేలే గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

‘ఇది కాదు, అది’ అనే ఆ వాక్యం మూసను ఆ సంపాదకుడి దగ్గరే పట్టుకున్నాను. ముప్పై ఏళ్ల తర్వాత తీసుకెళ్లి అవ్వ నోట్లో పెట్టాను.

నెల తర్వాత పదిహేను పేర్ల జాబితా వాట్సాప్‌లో వచ్చింది. ఆమె పేరు లేదు. చూడగానే, నేను చెప్పలేదా అనిపించింది. ఆ అనిపించడం ఎంతోసేపు లేదు కానీ, వచ్చిన మాట నిజం. నా వాక్యం ఉంటే ఎంపికయ్యేదేమో. అవును, అయ్యేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. అది నా వాక్యం మంచిదని చెప్పడానికి సరిపోదు, అంతే.

ఆ నెల రెండో ఆదివారం ఆమె వస్తుందని అనుకోలేదు. అందరికంటే ముందే వచ్చి, ఎప్పటి చివరి బెంచీలోనే కూర్చుని ఉంది.

"రాలేదు మేడం," అంది.

"చూశాను."

"నా వయసు గూడా అయిపాయ. వయసు అడగని పోటీలు యేమన్నా ఉంటే సెప్పండి." బాధ లేదని కాదు. కళ్ల కింద వాపు ఉంది. నోటుబుక్కు మాత్రం కొత్తది తెచ్చుకుంది.

ఆ రోజు కొత్తగా ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు, కాలేజీ మొదటి సంవత్సరం. అలవాటు ప్రకారం లేచి నిలబడి, నా మొదటి కథ ముగింపు చెప్పాను. నాన్న తలలో నెరిసింది వెంట్రుకలు కాదు, మా బాల్యం. ఇద్దరూ బుద్ధిగా తలలు వంచి రాసుకున్నారు. చివరి బెంచీలో ఆ అమ్మాయి కూడా వింటోంది. ఆమెకు ఈ సంగతేమీ తెలియదు, నేను చెప్పనంతకాలం తెలిసే వీలూ లేదు. ఇక ముగింపు గుండెకు ఎలా తగలాలో చెప్పాలి. ఆ మాట నోట్లోంచి రాలేదు.

"ఆ వాక్యం నాది కాదు," అన్నాను. "నేను రాయలేదు. ముప్పై ఏళ్లుగా నాదని చెప్పుకుంటున్నాను."

కొత్తగా వచ్చినవాళ్లలో ఒకమ్మాయి పెన్ను పైకెత్తి, భయంభయంగా అడిగింది. "కొట్టేయాల్నా మేడం?"

"కొట్టేయండి. కింద ఇది రాసుకోండి. మిల్లు నుంచి వచ్చి గడపలో నిలబడిన మా నాన్నతో మా అమ్మ అన్న మాట."

చెప్పాను. చివరి బెంచీలో ఆమె కూడా కొత్త నోటుబుక్కు తెరిచి, మొదటి పేజీలో రాసుకుంది. ‘బయటనే తల దులుపుకోని రాపో, రొట్టెల మీద పడుతుంది దూది.’