మంచుపెట్టెకు దక్కిన ముందు సీటు

మా బావ ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. లోకంలో ఏది చెడినా వేడి వల్లే చెడుతుందని ఆయన నమ్మకం. పాలైనా, మిషనైనా, మనిషి బుద్ధైనా సరే. అక్కకు కోపం వస్తే ఆయన బతిమాలేవాడు కాదు, టేబులు ఫ్యాను తెచ్చి ఆమె వైపు తిప్పి పెట్టేవాడు. ఆ గాలికి కోపం ఇంకాస్త రాజుకుంటుందని ఆయనకు ఎన్నడూ తట్టలేదు.

నడివయసులో ఒక పాత కారు కొన్నాడు. వాళ్ల ఇల్లు నిట్టనిలువుగా పైకెక్కే వీధి కొసన ఉండేది. బావ ఒక్కడే ఉంటే కారు మూలుగుతూ ఎక్కేది. పక్కన అక్క కూర్చుంటే సగం దారిలో ఆగి, మొహమాటపడుతున్నట్టు వెనక్కి జారేది. అందుకని అక్క ప్రతిసారీ వీధి మొదట్లోనే దిగిపోయేది. కారు దర్జాగా పైకి వెళ్లి గేటు దగ్గర నిలబడితే, ఆమె చెప్పులీడ్చుకుంటూ వెనకాల వచ్చేది.

ఒకరోజు ఎదురింటి టీచరమ్మ కిటికీలోంచి పలకరించింది. "మీ కారు ఎప్పుడో వచ్చేసిందండీ, మీరే ఆలస్యం!"

అక్క ఇంట్లోకి వచ్చి సంచి కింద పెట్టింది. "గుమ్మం దాకా నన్ను కూర్చోబెట్టి తీసుకొస్తేనే ఇక ఆ కారెక్కుతాను. లేకపోతే ఈ జన్మకి ఎక్కను."

అక్క మాటంటే మాటే. పెళ్లయిన కొత్తలో కాఫీ నీళ్లలా ఉందన్నందుకు ఆయనకి మళ్లీ కాఫీ కలపలేదు. బావ అప్పట్నుంచీ టీ తాగుతున్నాడు. అందుకే ఈసారి నిజంగా భయపడ్డాడు.

కారు మెకానిక్ బానెట్ ఎత్తి చూశాడు. "ఇంజన్ పక్కనున్న వేడిగాలినే పీలుస్తోంది సార్. బయటి చల్లగాలి అందేలా గొట్టం మారిస్తే కాస్త ఊపు రావచ్చు."

'కాస్త', 'రావచ్చు' అన్న రెండు మాటలూ బావ చెవికి ఎక్కలేదు. వాషింగ్ మెషిన్ గొట్టం ఒకటి తెచ్చి, ఎయిర్ ఫిల్టర్ డబ్బాకి బిగించి, రెండో కొస బంపర్ దగ్గరకి లాగాడు. పరీక్షకి అక్కకి బదులు నన్ను కూర్చోబెట్టాడు.

"నువ్వు చాలవోయ్, మీ అక్క ఇంకాస్త ఉంటుంది" అని నా ఒళ్లో పాత ఫ్రిజ్ తలుపొకటి పెట్టాడు. "ఈ మాట ఆవిడతో అనకు."

కారు ఇదివరకటికంటే రెండిళ్లు దాటి ఆగింది.

"బయటి గాలి కూడా వేడిగానే ఉందోయ్! తప్పు అక్కడుంది" అన్నాడు.

వారమంతా షెడ్డులో కూర్చుని పెద్ద పెట్టె ఒకటి తయారుచేశాడు. దాన్నిండా మంచు. గాలి ఆ మంచు మధ్య రాగి గొట్టాల్లో తిరిగి ఇంజన్‌లోకి వెళ్తుంది. వెనక సీట్లో మంచు బస్తాలతో పాటు నన్ను కుక్కి ఎక్సిలేటర్ తొక్కాడు. కారు ఎక్కింది! చివర్న కొంచెం వణికినా ఎక్కింది. బావ గేటు దగ్గర హారన్ మోగించాడు.

అక్క చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చూసింది. ముందు సీట్లో బెల్టు పెట్టుకుని పెట్టె కూర్చుని ఉంది.

"మరి నేనెక్కడ కూర్చోవాలి?"

బావ సీటు వైపు చూశాడు. ఆయన మొహం తెల్లబోయింది. పాపం, నిజంగానే మర్చిపోయాడు.

"వెనక... తమ్ముణ్ణి దించేసి..."

"మంచుగడ్డ ముందు, నేను వెనకానా? ఇన్నేళ్ల కాపురానికి భలే మర్యాద చేశారండీ!"

పెట్టె దించితే కారెక్కదు. దించకపోతే అక్క ఎక్కదు.

"అయితే మీరు దిగండి" అంది అక్క.

పెళ్లికి ముందు అక్క మా నాన్న వ్యాను తోలేది. పెళ్లయ్యాక ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు. కారుని వెనక్కి వీధి మొదటిదాకా దించి, ఫస్ట్ గేర్ వేసి గట్టిగా తొక్కింది. ఇంజన్ అరిస్తే దాని ప్రాణం నొచ్చుకుంటుందని బావ ఎప్పుడూ సెకండ్ గేర్‌లోనే ఎక్కించేవాడు. ఇప్పుడది వీధి దద్దరిల్లేలా అరిచింది. బావ పక్కనే పరిగెత్తాడు.

"అరుస్తోందే! పాపం, అరుస్తోందే!"

"అరవనీండి" అంది అక్క, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

పెట్టె, బస్తాలు, నేను, అక్క, అందరం ఎక్కాం. ఆమె గుమ్మం ముందు ఆపి, కాసేపు దిగకుండా కూర్చుంది. బావ రొప్పుతూ వచ్చి పెట్టె మీద చెయ్యి వేశాడు.

"చూశావా? మంచు పనిచేసింది!"

అక్క ఆ నమ్మకాన్ని చెరపలేదు. అప్పట్నుంచీ కారు ఆమే నడిపేది. ముందు సీటు మంచుదే. వీధి మొదట్లో కారు ఆగేది, బావ దిగేవాడు, కారు వెళ్లిపోయేది.

"వెనక నా పక్కన కూర్చోవచ్చుగా బావా" అన్నానొకసారి.

"నేనెక్కితే బరువు కాదుటోయ్" అన్నాడాయన, చెమట తుడుచుకుని నడిచి వీధి ఎక్కడం మొదలుపెడుతూ.