వెంకోబారావు ప్లీడరు చాట

ఆదోనిలో వెంకోబారావు ప్లీడరంటే కాపురాలు నిలబెట్టిన దేవుడని ఇప్పటికీ అంటారు. అననీ. ఆ దేవుడి గుమ్మం నేనూ తొక్కాను.

మొగుడూ పెళ్ళాల తగాదా వస్తే ఆయన వెంటనే కోర్టుకెక్కేవాడు కాదు. పెద్దమనుషుల్ని అరుగు మీద కూర్చోబెట్టి, ముందు ఆడమనిషి మాట లోపల ఒంటరిగా వినేవాడు. తర్వాత ఇద్దరి మధ్యా చాటెడు శెనక్కాయలు పెట్టి ఒలవమనేవాడు. చేతికి పనుంటే నోటికి కోపం రాదట. ఎవరి గింజలు ఎవరి వైపు పోతున్నాయో చూసి, కాపురం అతుకుతుందో లేదో చెప్పేవాడు. సాయిబులొచ్చినా, మనవాళ్ళొచ్చినా అదే చాట.

డెబ్బై ఎనిమిదిలో మా చెల్లెలు వీరమ్మను తీసుకుపోయాను. దాని మొగుడు, గోనెగండ్ల ఊరి మాదన్న, తాగి కొట్టేవాడు. లోపల అంతా చెప్పుకుని బయటికొచ్చి, "నువ్వు ఒప్పుకోనిదే పంపనమ్మా అని సామి మాటిచ్చినాడక్కా" అంది. దాని మొహం తేటపడింది.

చాట పెట్టారు. వీరమ్మ ఒలిచిన గింజలన్నీ మాదన్న వైపే నెట్టింది. తను ఒక్కటీ నోట్లో వేసుకోలేదు.

ప్లీడరు నవ్వాడు. "చూసినారా? ఈయమ్మకు మొగుని మీద ప్రేమ పోలేదు. పిలుచుకోని పోప్పా, మాదన్నా."

"నేను పోనని సెప్తిని గదా సామీ!"

"నీ నోరు వద్దంటాంది, చెయ్యి కావాలంటాంది తల్లీ. నేను చెయ్యినే నమ్ముతా."

ఆ ఇంట్లో మొగుడికంటే ముందు గింజ నోట్లో వేస్తే పళ్ళు రాలేవి. అన్ని కాపురాలు చూసిన మనిషి, భయాన్ని ప్రేమనుకున్నాడు. అరుగు మీద పెద్దమనుషులు తలలూపారు. నేను అరిచినా ఎవరూ వినలేదు.

పత్తి ఏరే రోజుల్లో వీరమ్మ కుడిచేతికి కట్టుతో తిరిగొచ్చింది. మెట్ల మీద పడిందన్నాడు మాదన్న. మళ్ళీ ప్లీడరు దగ్గరికే పోయాం. చూడకుండానే, అలవాటు కొద్దీ చాట తెమ్మన్నాడు.

"ఒంటిసేత్తో వొలిసేకి రాదు సామీ" అంది వీరమ్మ.

ఆయన తల దించుకున్నాడు. "దావా నేనే వేస్తానమ్మా."

"వొద్దు. ఇంకొకరు ఏస్తారు. సెయ్యి ఇరగ్గొడతానంటాండాడని ఆ పొద్దే లోపల మీకు సెప్తిని. ఆ మాట కోర్టులో సెప్పండి, సాలు."

"లోపలి మాట బయట చెప్పను. అది నా నేమం."

నాకు ఒళ్ళు మండింది. "దానికిచ్చిన మాట తప్పేతప్పుడు యాడికి పోయిండె సామీ మీ నేమం?"

ఆయన కోర్టుకు రాలేదు. సాక్ష్యం లేక దావా పోయింది. వీరమ్మ మాత్రం గోనెగండ్ల పోలేదు. వంకర అతికిన చేత్తోనే ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర నూలు కండెలు చుట్టింది.

ప్లీడరు పోయిననాడు ఆదోనంతా కదిలింది. మేం కదల్లేదు. వీరమ్మ శెనక్కాయలు ఒలుచుకుంటూ, ప్రతి గింజా తన నోట్లోనే వేసుకుంటోంది.

"నాకూ రెండు పెట్టే."

"నీ సేతులు బాగుండాయి గదక్కా, వొల్సుకో" అంది.