అడక్కముందే ఇచ్చే ఇల్లు

మొన్న నంద్యాలలో సరుకులు కొంటుంటే, నా ముందరి ఆమె చేతిలోంచి వాము పొట్లం జారి, చిరిగి, నేలంతా ఒలికింది. చీపురు వచ్చేలోపలే ఆ ఘాటు ముక్కుకెక్కి, యాభై ఏళ్ళ కిందటి సిగ్గు ఒకటి ముంచుకొచ్చింది. వాము వాసనకు అందరికీ జంతికలు గుర్తొస్తాయి. నాకు నేను చేసిన తప్పు గుర్తొస్తుంది. చెప్పేస్తాను, దాచుకునే వయసు కాదిప్పుడు.

ఆళ్ళగడ్డలో మా నాయనకు కిరాణా అంగడి ఉండేది. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో గోనెపట్టా తెర. మాఘమాసం వచ్చిందంటే చుట్టుపక్కల పల్లెల నుంచి కొత్త శనగలు బస్తాలకొద్దీ దిగేవి. వాటి పచ్చివాసన, బెల్లం దిమ్మెల మీద తేనెటీగల రొద, ఎండుమిరపకాయల ఘాటు, చెనిక్కాయ నూనె డబ్బాల జిడ్డు, ఇవన్నీ మా బట్టలకూ జడలకూ పలకలకూ అంటుకుని, బళ్ళో నన్ను కళ్ళు మూసుకుని కూడా పట్టేసేవాళ్ళు. శనగల బస్తాలో మోచేతి దాకా చేతులు దూర్చి, అడుగున ఎవరి వేళ్ళు ఎవరికి దొరుకుతాయో వెతుక్కోవడం నాకూ తమ్ముడు శీనుకూ ఇష్టమైన ఆట.

మా నాయనకు ఒక గొప్ప ఉండేది: అడక్కముందే ఇవ్వడం. మనిషి గడప తొక్కుతుండగానే చేతిలో సంచి తీరు, మొహం వాలకం చూసి, ఈమెకు చింతపండు, ఆయనకు బీడీలు అని పొట్లం కట్టేసేవాడు. "అడిగించుకోని ఇస్తే అదేం యాపారమే?" అని నాతో అనేవాడు. ఆ గొప్ప తెర దాటి ఇంట్లోకీ వచ్చింది. శీను కన్ను కుండ మీద పడితే నీళ్ళు, ఉట్టి వైపు తిరిగితే మజ్జిగ, పెదవి విరిస్తే చంక. అందరికంటే వేగం నాది. నాకప్పుడు ఏడేళ్ళు. "వానికేం కావల్లో వాళ్ళక్కకే తెలుసు" అని అమ్మ పదిమందిలో అంటే ఒళ్ళు పొంగిపోయేది.

వాడికి నాలుగేళ్ళు నిండాయి. అమ్మ, అక్క, ఊ తప్ప నోట్లో ఇంకో మాట లేదు. ఎండాకాలం పోతే బళ్ళో వెయ్యాలి, మాటలు రాని పిల్లోణ్ణి చేర్చుకోలేనని పంతులు ముందే చెప్పేశాడు. వీధిలో మూగోడన్న పేరు కూడా పడింది. ఆ మాట విన్న రోజు నాయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

ఆ శనగల రోజుల్లోనే ఒక సాయంత్రం శీను తల ఒక పక్కకు వాల్చి, నేల మీద పొర్లి పొర్లి ఏడ్చాడు. అందరూ నా వైపు చూశారు. నేను తడుముకుంటేనా! "కడుపునొప్పి నాయనా, పచ్చి శనగలు తిన్యాడు" అన్నాను. అమ్మ వాము, ఉప్పు నూరి వేడినీళ్ళతో తాగించింది. వాడు తల విదిలించాడు. "మందు ఘాటని మారాం చేస్తాండాడు" అని దానికీ నేనే అర్థం చెప్పాను. రెండు రోజులు నా మాట మీదే వాడికి వాము నీళ్ళు పోశారు. మూడో రోజు చెవి వాచి, ఒళ్ళు కాలిపోతుంటే నంద్యాల తీసుకుపోయారు. డాక్టరు చెవిలోంచి ఉబ్బిపోయిన శనగగింజ లాగాడు. ఇంకో రెండ్రోజులు ఆలస్యమైతే ఆ చెవి పోయేదట. నన్నెవరూ తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

వాడికి నెమ్మదించేదాకా నంద్యాలలోనే మా మేనత్త ఇంట్లో ఉన్నాం. వాడు చెయ్యి చాపడం, మేం అందివ్వడం ఆమె రెండు రోజులు చూసి, నాయనతో తేల్చి చెప్పింది. "వానికి నోరు ల్యాక కాదన్నా. మీరు వానికి మాట్లాడే పని యాడ పెట్టినారు?" అని, సంచి సర్దుకుని మాతోబాటు ఆళ్ళగడ్డ బస్సెక్కింది.

ఇక చూడండి. వాడు చూపించింది ఇవ్వదు, పక్కది ఇస్తుంది, అదీ పేరు చెప్పి మరీ. మజ్జిగకు చెయ్యి చాపితే ఉప్పుగల్లు చేతిలో పెట్టి "ఇది ఉప్పు, గరగర అంటాది, నాకి చూడు" అనేది. పస్తు పెట్టిందనుకునేరు, వేళకు అన్నం పెట్టేది, ముద్దకొక మాట కలిపి పెట్టేది. చాటలో బియ్యం చెరుగుతూ నూకలు, తవుడు, రాళ్ళు వేరు చేసి వాడి వేళ్ళ సందున పోసేది, చింతకాయ పులుపు వేరు, నిమ్మకాయ పులుపు వేరు, మామిడిపిందె వగరు ఇంకా వేరు అని పొద్దస్తమానం చెబుతూనే ఉండేది. వాడు రోషంతో కాళ్ళు నేలకేసి కొట్టేవాడు. నేను చూడలేక బస్తాల చాటున బెల్లం ముక్క చేతిలో పెట్టేదాన్ని. నిజం చెప్పాలంటే జాలి సగమే. వాడికి మాటలొస్తే నా పెద్దరికం పోతుందన్న దుగ్ధ మిగతా సగం.

ఒకరోజు అత్త పట్టేసింది. కొట్టలేదు. "నువ్వు పెట్టేది బెల్లం కాదుమే, వాని నోటికి బీగం. రేపు వానికి ఇంకోచోట నొప్పి పుడితే ఆడ నువ్వుంటావా?" అంది. వాచిన ఆ చెవి కళ్ళ ముందు కనబడింది. దొంగ బెల్లం ఆ రోజుతో మానేశాను.

ఉగాది ముందురోజు ఓళిగల కోసం అమ్మ శనగపప్పు ఉడకేసింది, అత్త బెల్లం దంచుతోంది. శీను వచ్చి చెయ్యి చాపాడు. అత్త చింతపండు పెట్టింది. విసిరికొట్టాడు. కొబ్బరిచిప్ప పెట్టింది. అదీ విసిరికొట్టి నా వైపు తిరిగాడు. ఆ చూపు నాకు తెలుసు, నా చెయ్యి బెల్లం దాకా పోయింది కూడా. వెనక్కి లాక్కుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. కళ్ళనిండా నీళ్ళు. కదల్లేదు.

"కా...దు" అన్నాడు వాడు. అమ్మ గరిటె ఆగిపోయింది. "కాదు! బెల్లం! అక్కా, బెల్లం!"

తెర అవతల తక్కెడ ఖంగుమని కింద పడింది, నాయన పరిగెత్తుకొచ్చాడు. నేను భోరుమన్నాను. అత్త మాత్రం రోకలి ఆపకుండా "చిన్నదా, పెద్దదా? చెప్పప్పా" అంది.

"పెద్దది."

జూన్‌లో వాణ్ణి బడికి నేనే తీసుకుపోయాను. పంతులు పేరడిగితే నేను నోరు విప్పలేదు. వాడే చెప్పాడు.

ఇప్పుడా అంగడి లేదు, అత్తా లేదు. ఎక్కడ చూసినా అరల్లో పొట్లాలు, మనకు కావలసింది మనమే తీసుకుని బుట్టలో వేసుకోవచ్చు, ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు. శేరు, సోల అని పాత కొలతల పేర్లు చెబితే మా వీధి పిల్లలు నోరెళ్ళబెడతారు. వాళ్ళు ఏడవబోతే చాలు, చేతిలోకి ఫోను వచ్చేస్తుంది. మా నాయన గొప్ప ఊరందరికీ అంటుకుంది. పిల్లోడికి మాటలు రావడం లేదని తల్లులు నా దగ్గర వాపోతే, డాక్టరుకు చూపించమంటాను, చెవులు బాగున్నాయంటే అత్త మాటే చెబుతాను. వస్తువు పేరు చెప్పండి, వాడికేం కావాలో తెలియనట్టు కూర్చోండి, మాట వచ్చేదాకా ఆగండి. వస్తుంది. నేను కళ్ళారా చూశాను.

శీను ఆత్మకూరులో ఉంటాడు. ఆదివారం ఫోను చేస్తే గంటకు తక్కువ మాట్లాడడు. చెబుతూ చెబుతూ ఒక్కోసారి మాట దొరక్క "అదేక్కా... అదేందీ..." అని ఆగుతాడు. ఆ మాటేమిటో నాకు వెంటనే తెలుస్తుంది, నాలిక చివరి దాకా వస్తుంది. చెప్పను. వాడికి దొరికేదాకా ఫోను పట్టుకుని అట్లాగే కూర్చుంటాను.