గోల్కొండలో గోదారి కేక

ఎనభైల్లో అమలాపురం నుంచి ముగ్గురు టీచర్లం శని, ఆదివారాల్లో హైదరాబాదంతా చుట్టేద్దామని వెళ్లాం. ఆఖరున గోల్కొండ. టూరిస్టు బస్సు బయలుదేరుతోంది, మాలో సీతేమో ఇంకా కోట పైనే ఉంది. డ్రైవరు ఆగనన్నాడు.

కోట గుమ్మంలో చప్పట్లు కొడితే పైకి వినబడుతుందని గైడు కొట్టాడు. కానీ అక్కడ అందరూ కొడుతున్నారాయె!

రెండు రోజులుగా "సిటీలో మెల్లగా మాట్లాడవే" అని నేను కసురుతున్న కరుణ, నోటి దగ్గర చేతులు పెట్టుకుని "ఓ... సీతా!" అని సాగదీసి కేకేసింది.

"ఆయ్... వచ్చేత్తన్నా!" పైనుంచి జవాబొచ్చింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"గింత గొంతు ఎట్లొచ్చిందమ్మా?" అన్నాడు గైడు.

"రోజూ గోదారి దాటి బడికెళ్తానండి. పడవ అవతలి రేవులో ఉంటే ఇలాగే పిలుస్తానండి."

"ఇంకొక్కసారి పిలువమ్మా!"

కరుణ నా వైపు చూసింది.

"ఈసారి ఇంకా గట్టిగా పిలవ్వే," అన్నాను.